నావలోని మనిషి, గూటికి చేరిన పక్షి

పాఠశాలలో సాపేక్ష గమనమును గూర్చిన పాఠము సాధారణముగా ఒకే తీరున మొదలగును. కదలుచున్న రైలుబండిలో కూర్చున్నవానికి దారిప్రక్కనున్న చెట్లు వెనుకకు పరుగెత్తుచున్నట్లు తోచునని ఉపాధ్యాయుడు చెప్పును. అది అందరి అనుభవములోని విషయమే కావున పిల్లలు తలలూపుదురు. అట్లే భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచుండుటచేత సూర్యుడును నక్షత్రములును తూర్పునుండి పడమటికి పోవుచున్నట్లు కనబడునని ఆయన ముగించును. దానికిని తలలూపుదురు. కాని తరగతిలో ఒక్క విద్యార్థియైనను లేచి, "అట్లయినచో నేను పైకి ఎగిరి దిగునంతలో నా కాళ్ళక్రింది నేల ముందుకు జరిగిపోవలెను గదా, మాస్టరుగారూ?" అని అడుగవచ్చును. నిజమైన పాఠము ఆ ప్రశ్నతోనే మొదలగును.

ఆ ప్రశ్న నేటిది కాదు. మన దేశముననే దాని వయస్సు దాదాపు పదునైదు వందల సంవత్సరములు. దానిని అడిగినవారు చదువెరుగని పసివారు కారు; భారత జ్యోతిశ్శాస్త్రమునకు మూలస్తంభముల వంటి పండితులు. వారి ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు వెయ్యి సంవత్సరములకు పైగా పట్టెను. ఆ దీర్ఘకాలములో జరిగినదేమో తెలిసికొనుట చరిత్రకారునకే గాక ఉపాధ్యాయునకును ప్రయోజనకరము. ఏలయన, సాపేక్ష గమనమను ఒకే పేరుతో బోధింపబడుచున్నది నిజమునకు రెండు పాఠములు. మొదటిది వచ్చినంత మాత్రమున రెండవది వచ్చినట్లు కాదు.

మొదటి పాఠమును చెప్పినవాడు ఆర్యభటుడు. క్రీ.శ. 476లో జన్మించిన ఈయన తన ఇరువది మూడవ యేట, అనగా 499 ప్రాంతమున, ‘ఆర్యభటీయము’ను రచించెను. గీతికాపాదము, గణితపాదము, కాలక్రియాపాదము, గోలపాదము అను నాలుగు భాగముల ఈ చిన్న గ్రంథములో ఒక్క అక్షరమును వృథాగా వాడబడలేదు. అంతటి పొదుపరి గోలపాదమున ఒక ఉపమానమునకు చోటిచ్చెను. ముందుకు సాగుచున్న నావలోనివాడు కదలని గట్టును వెనుకకు పోవుచున్నట్లు చూచును. అట్లే లంకలోనున్నవానికి కదలని నక్షత్రములు తిన్నగా పడమటికి పోవుచున్నట్లు కనబడును. ఇచట లంక యనగా రావణుని పట్టణము గాదు. ఉజ్జయినీ రేఖ భూమధ్యరేఖను తాకు స్థానమునకు జ్యోతిష్కులు పెట్టుకొన్న పేరది. భూమధ్యరేఖపై నున్నవానికి నక్షత్రములు వాలుగా గాక నిట్టనిలువుగా లేచి నిట్టనిలువుగా క్రుంకును గనుక ఉపమానము అచ్చట చక్కగా అమరును.

ఇది కవి వేసిన ఉపమ గాదు, లెక్కతో కూడిన మాట. మహాయుగమునకు 43,20,000 సంవత్సరములని గ్రహించి, ఆ కాలములో సూర్యచంద్రులును గ్రహములును చేయు పరిభ్రమణముల సంఖ్యలను చెప్పుచు, ఆర్యభటుడు ఆ పట్టికలోనే భూమికిని 1,58,22,37,500 భ్రమణములను కేటాయించెను. భాగించి చూచినచో నక్షత్రములనుబట్టి భూమి ఒక చుట్టు తిరుగుటకు 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లు పట్టునని తేలును. నేటి గణనకును దీనికిని సెకండులో అల్పభాగమే తేడా. భూమి ఒక్క ప్రాణములో, అనగా సుమారు నాలుగు సెకండ్ల శ్వాసకాలములో, ఒక్క కల తిరుగునని ఆయన మరొకచోట చెప్పెను. వృత్తమునకు 21,600 కలలు. దినమునకు 21,600 ప్రాణములు. ఊపిరి లెక్కతో భూభ్రమణమును శిష్యునకు గుర్తుండునట్లు చెప్పుట ఉపాధ్యాయుని నేర్పు. అయితే ఆర్యభటుడు చెప్పినది భూమి తన చుట్టు తాను తిరుగుటను మాత్రమే; సూర్యుని చుట్టును తిరుగునని ఆయన చెప్పలేదు.

నావ ఉపమానము నేర్పు పాఠము ఇది: ఒక వస్తువు కదలుచున్నదా, నిలిచియున్నదా యను మాట చూచువాని స్థానముతో ముడివడియున్నది. నేటి భౌతికశాస్త్రము ఆ స్థానమునకు నిర్దేశ చట్రమని పేరు పెట్టినది. నావను చట్రముగా గ్రహించినచో గట్టు కదలును. గట్టును చట్రముగా గ్రహించినచో నావ కదలును. ఐతే ఈ ఉపమానములో ఒక లోటు గలదు. గట్టు కదలదని ప్రయాణికునకు ముందే తెలియును. కంటికి కనబడినదానిని ఆ తెలివితో దిద్దుకొనును. ఆకాశమును చూచువానికి అట్టి తెలివి లేదు. నక్షత్రములు గట్టు వంటివో, భూమియే గట్టు వంటిదో చూపు చెప్పజాలదు. పైగా ఆర్యభటీయములో దీని వెంటనే వచ్చు శ్లోకము ప్రవహవాయువుచే తోయబడిన నక్షత్రమండలమే పడమటికి తిరుగుచున్నదని చెప్పును. రెండు చట్రముల మాటలును ప్రక్కప్రక్కనే యుండుట వ్యాఖ్యాతలకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను.

ఆక్షేపణలు త్వరలోనే వచ్చెను. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు ‘పంచసిద్ధాంతిక’లో, భూమి సానపట్టు యంత్రముపై నున్నట్లు తిరుగుచున్నదనువారిని ప్రస్తావించి, అది నిజమైనచో ఆకాశమునకు ఎగిరిన డేగలు తమ గూళ్ళకు తిరిగి ఎట్లు చేరగలవని అడిగెను. భూమి ఒక దినములో ఒక చుట్టు తిరుగునంత వేగమే గలదైనచో ధ్వజములు ఎల్లప్పుడు పడమటికే ఎగురవలెను; వేగము స్వల్పమన్నచో దినములో చుట్టు ఎట్లు పూర్తియగును? 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము’లో ఆర్యభటుని ప్రాణము, కలల మాటనే పట్టుకొని, భూమి అట్లు పోవునదైనచో ఎచటనుండి ఏ దారిని పోవుచున్నదనియు, ఉన్నచోటనే తిరుగుచున్నచో ఎత్తైన వస్తువులు ఏల పడిపోవుటలేదనియు నిలదీసెను. ఎనిమిదవ శతాబ్దివాడని చెప్పబడు లల్లుడు పక్షికి తోడుగా బాణమును, మేఘమును తెచ్చెను. ఆకాశమునకు నిలువుగా విడిచిన బాణము పడమట పడవలెను. మేఘములన్నియు పడమటికే సాగవలెను. లల్లుని గ్రంథము పేరు ‘శిష్యధీవృద్ధిదము’, శిష్యుల బుద్ధిని పెంచునది యని అర్థము. శిష్యుల బుద్ధిని పెంచు గ్రంథములోనే భూభ్రమణము త్రోసివేయబడుట గమనింపదగినది.

ఈ ఆక్షేపణలను మౌఢ్యమని తీసివేయుట తేలిక, కాని న్యాయము గాదు. ఉజ్జయిని వద్ద నేల సెకండునకు సుమారు 427 మీటర్లు, అనగా గంటకు 1,500 కిలోమీటర్లకు మించి తూర్పునకు సాగుచున్నది. అంతటి వేగము గలదని చెప్పుచు, దాని జాడ ధ్వజముపైనను, మేఘముపైనను, డేగపైనను ఏల లేదో చెప్పకుండుట బుద్ధిమంతుని నమ్మింపజాలదు. నావలోనివానికి గట్టు వెనుకకు పోవుచున్నట్లు కనబడునని వరాహమిహిరునకు తెలియదా? బ్రహ్మగుప్తునకు తెలియదా? వారు ఉపమానమును చక్కగా అర్థము చేసికొనిరి. వారి ప్రశ్న కంటికి కనబడుదానిని గూర్చినది గాదు. గాలిలోనున్న వస్తువునకు ఏమి కావలెనను దానిని గూర్చినది. మొదటి పాఠము చదివి వచ్చినవారికి ఎవరును రెండవ పాఠము చెప్పలేదు.

సమాధానము చెప్పబూనినవారు లేకపోలేదు. తొమ్మిదవ శతాబ్దిలో బ్రహ్మగుప్తుని గ్రంథమునకే వ్యాఖ్య వ్రాసిన పృథూదకస్వామి ఈ విషయమున మూలకర్తను గాక ఆర్యభటుని సమర్థించెను. భూగోళమున ఎవడు నిలిచిన చోటు వానికి పైభాగమే యగును గావున ఎత్తైన వస్తువులు పడిపోవుననుట చెల్లదని ఆయన వాదన. ఇది మంచి మాటయే. క్రిందు పైలను గూర్చిన సందేహమును తీర్చును. కాని గూటిపక్షి ప్రశ్న అట్లే మిగిలిపోయెను.

సమాధానము లేని చోట పాఠమే మారిపోయెను. ప్రాణమునకు ఒక కల తిరుగునది ‘భూః’, అనగా భూమి, అని బ్రహ్మగుప్తుడు చదివినచోట, వ్యాఖ్యాతల ప్రతులలో ‘భం’, అనగా నక్షత్రమండలము, అను పాఠము నిలిచెను. ఒక్క అక్షరముతో భూమి ఆగి ఆకాశము తిరుగసాగెను. పదునైదవ శతాబ్దిలో కేరళమున ఆర్యభటీయమునకు వ్యాఖ్య వ్రాసిన పరమేశ్వరుడు గొప్ప పరిశీలకుడు. ఆయనయు భూమి తూర్పునకు తిరుగుననుట భ్రాంతివలన కలిగిన మాటయనియు, పరమార్థమున భూమి స్థిరమేననియు వివరించెను. ఇందు ఎవరి కుట్రయు లేదు, ఎవరి శిక్షయు లేదు. గురువునందు గౌరవము గల శిష్యులు, గురువు మాటలో తమకు పొసగనిదానిని సర్దిచెప్పిరి.

సాపేక్ష గమనమును బోధించుట మాత్రము ఆగలేదు. 1150లో భాస్కరాచార్యుడు ‘సిద్ధాంతశిరోమణి’ గోలాధ్యాయములో కుమ్మరిసారెను ఉదాహరణముగా గ్రహించెను. వేగముగా తిరుగుచున్న సారెపై ఎదురుదిక్కునకు ప్రాకుచున్న పురుగులు ప్రాకుచున్నట్లే కనబడవు. అట్లే పడమటికి తిరుగు నక్షత్రచక్రముపై తూర్పునకు మెల్లగా నడచు గ్రహముల స్వగతి వెంటనే కంటికి అందదు. ఒకదానిపై ఒకటిగా నున్న రెండు గమనములను విడదీసి చూపుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము. కాని భాస్కరుని భూమి స్థిరము. ఒకే బోధనాసాధనము భూమిని తిప్పుటకును, నిలుపుటకును సమానముగా పనికివచ్చెను. ఉదాహరణము వివరించునే కాని రుజువు చేయదని దీనివలన స్పష్టమగును.

ఈ సంగతిని నిష్పక్షపాతముగా పలికినవాడు ఒక విదేశీయుడు. సంస్కృతము నేర్చి బ్రహ్మగుప్తుని చదివిన అల్‌బిరూనీ, 1030 ప్రాంతమున భారతదేశమును గూర్చి వ్రాసిన గ్రంథములో, భూమి తిరుగునన్నను జ్యోతిర్గణితమునకు కలుగు హాని ఏమియు లేదనియు, కనబడు విషయములను రెండు విధములను సమానముగా వివరింపవచ్చుననియు చెప్పెను. ఐతే ఇతర కారణములచేత భూభ్రమణము పొసగదనియు, ఈ ప్రశ్న పరిష్కరించుటకు మిక్కిలి కఠినమైనదనియు ఆయన భావించెను. గణకునకు రెండు చట్రములును సమానములని గుర్తించిన ఆ మేధావియు ‘ఇతర కారణముల’ కడ ఆగిపోయెను.

ఈ సందేహము భారతదేశమునకే ప్రత్యేకమైనది గాదు. అలెగ్జాండ్రియాలో రెండవ శతాబ్దిలోనే టాలెమీ, భూమి తిరిగినచో మేఘములును ఎగురు వస్తువులును వెనుకబడిపోవలెనని వాదించియుండెను. 1543లో కోపర్నికస్ గ్రంథము వెలువడిన పిమ్మటను అదే ఆక్షేపణ ఐరోపాలో మారుమ్రోగెను. దానికి సమాధానము 1632లో గెలీలియో తన ‘సంవాదము’లో చెప్పెను. విశేషమేమనగా ఆయనయు నావనే ఎక్కెను.

ఒక పెద్ద ఓడ క్రిందిభాగమున గదిలో స్నేహితునితో తలుపులు మూసికొని కూర్చుండుమని గెలీలియో చెప్పును. గదిలో సీతాకోకచిలుకలు ఎగురుచుండవలెను. తొట్టిలో చేపలు ఈదుచుండవలెను. పైన వ్రేలాడదీసిన పాత్రనుండి నీటిబొట్లు క్రింది పాత్రలో పడుచుండవలెను. ఓడ నిలిచియున్నప్పుడు వీనినన్నిటిని గమనింపుము. పిమ్మట ఓడ ఎంత వేగముగానైనను, ఊగిసలాట లేక సమవేగముతో సాగునప్పుడు మరల గమనింపుము. ఏ మార్పును కనబడదు. సీతాకోకచిలుకలు వెనుకగోడకు చేరి అంటుకొనవు. నీటిబొట్టు క్రింది పాత్రలోనే పడును. నిలుచున్నచోట ఎగిరినవాడు అచటనే దిగును. ఓడ గమనము అందులోని ప్రతి వస్తువునకును ముందే పంచియీయబడినది. ఆధారము విడిచినంతమాత్రమున ఆ గమనము వస్తువును విడువదు. తరువాతికాలమున న్యూటన్ నియమములలో జడత్వమను పేరుతో స్థిరపడినది ఇదియే. 1640లో గసెండీ మార్సేయి రేవులో కదలు ఓడ కొయ్యపైనుండి రాతిని వదలించి, అది కొయ్య మొదటనే పడుటను నలుగురి యెదుట చూపెను.

వరాహమిహిరుని డేగకు గూడు చూపినది ఈ మూసిన గదియే. ఆర్యభటుని మనిషి నావలోనుండి వెలుపలికి చూచెను. గెలీలియో మనిషి తలుపు మూసికొని లోపలికి చూచెను. వెలుపలి చూపు చట్రము మారినచో దృశ్యము మారునని నేర్పును. లోపలి చూపు చట్రము సమముగా సాగుచున్నంతవరకు అందలి నియమములు మారవని నేర్పును. ఈ రెండును కలిసినప్పుడే సాపేక్ష గమనము పూర్తిపాఠమగును.

లల్లుని బాణమునకును ఒక మాట బాకీ యున్నది. భూమి గమనము ఓడవలె తిన్ననిది గాదు, చుట్టు తిరుగునది. కావున దాని జాడ పూర్తిగా దాగదు. 1851లో ఫూకో పారిస్‌లో వ్రేలాడదీసిన లోలకము తన ఊగు తలమును మెల్లగా మార్చుకొనుచు ఆ జాడను అందరికిని చూపెను. గాలి అడ్డును లెక్కింపకున్నచో, ఉజ్జయినిలో సెకండునకు 50 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా విడిచిన బాణము పది సెకండ్లలో తిరిగివచ్చి నిజముగానే పడమట పడును. కాని ఎంత దూరమున? ఆ పది సెకండ్లలో నేల తూర్పునకు సాగునది నాలుగు కిలోమీటర్లకు పైగా. బాణము తప్పునది సుమారు 12 సెంటీమీటర్లు. లల్లుడు చెప్పిన దిక్కు సరియైనదే, దూరమే సరిగాదు. పూర్వుల పొరపాటును ఇంత వివరముగా కొలిచి చూపుట వారిని చిన్నబుచ్చుట గాదు. వారి ప్రశ్న ఎంత విలువైనదో తెలియజేయుటయే.

ఈ పాఠమును ఆధునిక భారతములో విద్యార్థులకు చెప్పుటకు జరిగిన ఒక ప్రయత్నము ఇందు స్మరింపదగినది. 1830 దశకములో భోపాలు సమీపమున సీహోరులో కంపెనీ ప్రతినిధిగా నుండిన లాన్సెలట్ విల్కిన్సన్ అచటి సంస్కృత పాఠశాలలో క్రొత్త ఖగోళశాస్త్రమును నేరుగా ప్రవేశపెట్టక, విద్యార్థులచేత ముందు సిద్ధాంత గ్రంథములను చదివించెను. ఈ పద్ధతిని సమర్థించుచు 1834లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసము వ్రాసెను. భూమి గోళమని, అది నిరాధారముగా ఆకాశమున నున్నదని భాస్కరుని వలన గ్రహించిన విద్యార్థి, కోపర్నికస్ కడకు పోవుటకు ఇంకొక్క అడుగే మిగులును. పరాయిమాట వినుచున్నానను సంకోచము లేక ఆ అడుగు వేయగలడు. అచటి పండితుడు సుబాజీ బాపు మరాఠీలో ‘సిద్ధాంతశిరోమణి ప్రకాశము’ను, ఓంకారభట్టు హిందీలో ‘భూగోలసార్’ను ఈ ఉద్దేశముతోనే రచించిరి. అచట చదివిన బాపూదేవశాస్త్రి 1842లో కాశీ సంస్కృత కళాశాలలో అధ్యాపకుడయ్యెను. విల్కిన్సన్ చేసిన గోలాధ్యాయపు ఆంగ్లానువాదమును, ఆయన మరణానంతరము, 1861లో పరిష్కరించి ప్రకటించినవాడు ఆ శిష్యుడే. పిల్లవానికి తెలిసినదానినుండి బయలుదేరి తెలియనిదానికి పోవలెనను బోధనాసూత్రము సీహోరులో ఫలించినదని దీనివలన చెప్పవచ్చును. ఆ శతాబ్దిలోనే కోటికలపూడి కోదండరాముడు ‘సుధాతరంగము’ అను వ్యాఖ్యతో ఆర్యభటీయమును తెలుగువారికి తెలుగుననే అందించెను.

1853లో బొంబాయి, ఠాణాల నడుమ మొదటి ప్రయాణికుల రైలు నడచినప్పటినుండి ఆర్యభటుని నావ సామాన్యులందరికిని అందుబాటులోనికి వచ్చెను. నావలో లేని ఒక సౌకర్యము రైలులో గలదు. స్టేషనులో ప్రక్కప్రక్కనే నిలిచిన రెండు బండ్లలో ఒకటి మెల్లగా కదలినప్పుడు, కదలినది తన బండియో ఎదుటి బండియో ప్రయాణికునకు క్షణకాలము తెలియదు. ఇచట గట్టు ఏదియో ముందుగా తెలియకుండుటచేత చట్రముల సమానత్వము తడబాటు రూపమున అనుభవమునకు వచ్చును. 1905లో ఐన్‌స్టీన్ ఈ సమానత్వమును కాంతివేగముతో కలిపి ఆలోచించి కాలము, దూరము అను భావములనే మార్చివేసెను. కలకత్తా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన యువకులు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల వ్యాసములను ఆంగ్లములోనికి అనువదింపగా, ప్రశాంతచంద్ర మహలనవీసు ఉపోద్ఘాతముతో అవి 1920లో గ్రంథరూపమున వెలువడెను. అనువాదమే బోధనమైన ఘట్టమిది.

ఇక తరగతిలో లేచి నిలుచున్న ఆ విద్యార్థి మాట. "గాలియు భూమితోపాటు తిరుగును" అని ఉపాధ్యాయుడు చెప్పి కూర్చుండబెట్టవచ్చును. అది సగము సమాధానమే. గాలియే లేని చోటనైనను ఎగిరినవాడు ఎగిరిన చోటనే దిగును. "భూమి తిరుగుట రుజువైనది, సందేహము వలదు" అని చెప్పవచ్చును. అది సమాధానమే కాదు. గురువు మాటను కాదనలేకయు, తన సందేహమును విడువలేకయు పూర్వము ప్రతులలో అక్షరము మార్చినట్లే, నేటి విద్యార్థియు పరీక్షకాగితముపై ఒకటి వ్రాసి మనస్సులో మరొకటి నిలుపుకొనును.

అట్లు గాక, నీవు అడిగినది వరాహమిహిరుడు అడిగిన ప్రశ్నయని ఆ పిల్లవానితో చెప్పవలెను. పిమ్మట, సమముగా సాగుచున్న రైలులో కిటికీ తలుపు దించి, ఒక నాణెమును నిలువుగా పైకెగురవేసి చూడుమని చెప్పవలెను. నాణెము గాలిలో నున్నంతసేపు బండి ఎన్ని గజములు ముందుకు పోవునో వాడే లెక్కకట్టవలెను. అంత దూరము సాగిన పిమ్మటను నాణెము తన అరచేతిలోనే పడుటను చూచినవానికి, డేగ గూటికి ఎట్లు చేరినదో వేరుగా చెప్పవలసిన పని యుండదు.